21 నుంచి 28కి: నిట్ ర్యాంకు జారితే విద్యార్థికి పోయేదేమిటి?

కేంద్ర విద్యాశాఖ 2025 సెప్టెంబర్ 4న ఉన్నత విద్యాసంస్థలకు ఎన్‌ఐఆర్‌ఎఫ్ (జాతీయ సంస్థల ర్యాంకింగ్ చట్రం) ర్యాంకులు ప్రకటించింది. ఇంజినీరింగ్ జాబితాలో వరుసగా మూడేళ్లు 21వ స్థానంలో ఉన్న నిట్ వరంగల్ ఈసారి 28కి జారింది. ఇలాంటి వార్త వచ్చినప్పుడల్లా ఓరుగల్లులో రెండు మాటలు వినిపిస్తాయి. ‘ఆర్‌ఈసీ రోజులే వేరు, ఇప్పుడంతా పడిపోయింది’ అనేది ఒకటి. ‘ఆ ర్యాంకులన్నీ ఉత్తవే, పట్టించుకోనక్కర్లేదు’ అనేది రెండోది. మొదటి మాట విని తల్లిదండ్రులు బెంగపడతారు. రెండో మాట విని పిల్లలు ఊపిరి పీల్చుకుంటారు.

కాలేజీ ఎంచుకోవాల్సిన విద్యార్థికి ఈ రెండు మాటలూ ఉపయోగపడవు. ర్యాంకు అనేది చాలా లెక్కలు కలిపి తేల్చిన ఒక్క అంకె. మన నిర్ణయానికి కావాల్సింది ఆ అంకె కాదు, దాని వెనకున్న లెక్కలు. అవి దాచిపెట్టిన రహస్యాలేమీ కావు. ఎవరైనా ఉచితంగా చూసుకోవచ్చు. చూసేవాళ్లే తక్కువ.

మార్కులు ఎక్కడి నుంచి వస్తాయి?

ఎన్‌ఐఆర్‌ఎఫ్‌ను 2015 సెప్టెంబర్‌లో ప్రారంభించారు. తొలి ర్యాంకులు 2016 ఏప్రిల్‌లో వచ్చాయి. ఇంజినీరింగ్ కాలేజీలకు 100 మార్కులను ఐదు పద్దుల కింద పంచుతారు. బోధన, వనరులకు 30, పరిశోధనకు 30, చదువు పూర్తిచేసినవారి ఫలితాలకు 20, అన్ని ప్రాంతాల వారికీ, మహిళలకూ, బలహీన వర్గాలకూ ఇచ్చే చోటుకు 10, విద్యావేత్తల్లో, ఉద్యోగాలిచ్చే సంస్థల్లో ఉన్న పేరుకు 10.

మన ఇళ్లలో మొదట అడిగే ప్రశ్న ‘ప్లేస్‌మెంట్లు ఎలా ఉన్నాయి?’ అనే కదా. దానికి ఈ లెక్కలో ఎంత బరువు ఉందో చూద్దాం. ఫలితాల పద్దులో ఉన్న 20 మార్కుల్లో 40 శాతం ఉద్యోగాలు, పైచదువులకు వెళ్తుంది, అంటే 8 మార్కులు. మీడియన్ జీతానికి 25 శాతం, అంటే 5 మార్కులు. సకాలంలో పాసైనవారి లెక్కకు 3, పీహెచ్‌డీ పట్టాలకు 4. మొత్తం మీద ఉద్యోగం, జీతం, పైచదువు కలిపి నూటికి 13 మార్కులే.

పరిశోధన సంగతి వేరు. నేరుగా ఇచ్చే 30 మార్కులకు పీహెచ్‌డీ పట్టాల 4 మార్కులు కలుస్తాయి. బోధన పద్దులోనూ పరిశోధక విద్యార్థుల సంఖ్యకు, పీహెచ్‌డీ ఉన్న అధ్యాపకులకు మార్కులుంటాయి. ఎలా చూసినా మూడో వంతుకు పైగా బరువు పరిశోధన వైపే. ఇంటర్ మెమోలో టోటల్ చూసి పిల్లవాడికి మ్యాథ్స్ వచ్చో రాదో చెప్పలేం. ఇదీ అంతే. బీటెక్‌లో చేరి నాలుగేళ్లకు ఉద్యోగం తెచ్చుకోవాలనుకునే విద్యార్థికి కావాల్సిన సబ్జెక్టు మార్కులు ఈ టోటల్ అడుగున ఎక్కడో ఉంటాయి.

అలాగని పరిశోధనకు మార్కులివ్వడం తప్పని కాదు. జాతీయ స్థాయి సంస్థ పరిశోధన చేయాల్సిందే. కాకపోతే దేశం అడిగే ప్రశ్న వేరు, మీ ఇంట్లో అడిగే ప్రశ్న వేరు.

జారడమంటే దిగజారడమేనా?

నిట్ వరంగల్ ఎనిమిదేళ్ల ర్యాంకులను వరుసగా పెట్టి చూడండి. 2018లో 25, 2019లో 26, 2020లో 19, 2021లో 23, ఆ తర్వాత మూడేళ్లు 21, 2025లో 28. ఈ ఎనిమిదేళ్లలో కాజీపేట క్యాంపస్ ఒక ఏడాది వెలిగి మరో ఏడాది ఆరిపోలేదు. 1959 అక్టోబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన తొలి ప్రాంతీయ ఇంజినీరింగ్ కళాశాల (ఆర్‌ఈసీ) ఇదే. 2002లో నిట్‌గా మారింది. అంత పాత సంస్థ ఏడాదిలో ఏడు మెట్లు మారేంతగా మారదు. ఎక్కువగా మారేది పక్కవాళ్ల మార్కులు, లెక్కకట్టే పద్ధతిలోని చిన్నచిన్న అంశాలు.

బిట్స్ పిలానీ 2024లో 20వ స్థానంలో ఉంది, 2025లో 11కి చేరింది. చెన్నైలోని ఎస్‌ఆర్‌ఎం 2023లో 28, ఆ మరుసటి ఏడాదే 13. నిట్ రూర్కెలా ఒక్క ఏడాదిలో 19 నుంచి 13కి, నిట్ కాలికట్ 25 నుంచి 21కి వచ్చాయి. పైకి ఎక్కేవాళ్లుంటే కిందికి జరిగేవాళ్లూ ఉండాల్సిందే. పైగా 20, 30 స్థానాల మధ్య సంస్థలకు ఉన్న తేడా కొద్ది మార్కులే. అక్కడ ఒక మార్కు అటూఇటూ అయితే మూడు నాలుగు స్థానాలు తారుమారవుతాయి. మరోపక్క పోటీ కూడా పెరిగింది. 2024లో అన్ని విభాగాలకూ కలిపి 6,517 సంస్థల నుంచి 10,845 దరఖాస్తులు వస్తే, 2025లో 7,692 సంస్థల నుంచి 14,163 వచ్చాయి.

కాబట్టి ర్యాంకు మారిందని విన్నప్పుడు మూడు పనులు చేయండి. మొదటిది, ఒక్క ఏడాది అంకె కాకుండా ఐదేళ్ల వరుస చూడండి. రెండోది, ర్యాంకు పక్కనే ఇచ్చే మార్కులు చూడండి. మార్కులు పెరిగి ర్యాంకు తగ్గిందంటే కాలేజీ వెనక్కి పోలేదు, మిగతావి ముందుకు పోయాయని అర్థం. మూడోది, ఐదు పద్దుల మార్కులను విడివిడిగా, గత ఏడాది మార్కుల పక్కన పెట్టి పోల్చండి. ‘పేరు’ పద్దులో మార్కులు తగ్గడం ఒకటి, ‘ఫలితాలు’ పద్దులో తగ్గడం మరొకటి. రెండోదే మీరు ఆలోచించాల్సింది.

విద్యార్థులు వేసే ర్యాంకు

సర్కారు జాబితాతో పాటు మరో జాబితా ఉంది. దాన్ని ఏటా విద్యార్థులే తయారుచేస్తారు. ఐఐటీలు, నిట్‌లలో సీట్లు కేటాయించే జోసా కౌన్సెలింగ్‌లో ఏ కాలేజీలో ఏ బ్రాంచి సీటు ఏ ర్యాంకు దగ్గర ముగిసిందో చెప్పే క్లోజింగ్ ర్యాంకులే అవి. అక్కడ కథ వేరేగా ఉంటుంది. నిట్‌లలో కంప్యూటర్ సైన్స్ సీట్లు తిరుచ్చి, సూరత్కల్, వరంగల్‌లలో దాదాపు పక్కపక్క ర్యాంకుల్లో నిండిపోతాయి. ఎన్‌ఐఆర్‌ఎఫ్ 2025లో వరంగల్ కంటే పైనున్న రూర్కెలా, కాలికట్‌లలో అదే బ్రాంచి ఆ తర్వాతే నిండుతుంది.

హైదరాబాద్‌లోని ట్రిపుల్ ఐటీ ఇంకా పెద్ద ఉదాహరణ. 2024 ఎన్‌ఐఆర్‌ఎఫ్ ఇంజినీరింగ్ జాబితాలో దాని స్థానం 47. అయినా ఆ సీటు వస్తే కొన్ని ఐఐటీల సీట్లను వదులుకునేవారూ ఉన్నారు. ర్యాంకు అంత కింద ఉండటానికి కారణం మార్కుల పద్ధతిలోనే కనిపిస్తుంది. విద్యార్థుల సంఖ్యకూ మార్కులుంటాయి. ఒకటి రెండు శాఖల మీదే దృష్టి పెట్టిన చిన్న సంస్థకు అక్కడ తక్కువ పడతాయి. సంస్థ చిన్నదైతే చదువు చిన్నదైపోదు.

అయితే క్లోజింగ్ ర్యాంకులనూ కళ్లు మూసుకుని నమ్మొద్దు. పోయినేడు అందరూ వెళ్లారు కాబట్టి ఈ ఏడు కూడా వెళ్తారు. ఆ ఒరవడిలో గుంపు మనస్తత్వమూ ఉంటుంది. పైగా తెలంగాణలో ఇంటర్ పూర్తిచేసినవారికి నిట్ వరంగల్‌లో సగం సీట్లు సొంత రాష్ట్రం కోటాలో ఉంటాయి. అందువల్ల వరంగల్ కటాఫ్‌ను వేరే రాష్ట్రం నిట్ కటాఫ్‌తో పోల్చేటప్పుడు సొంత రాష్ట్రం వరుస ఏదో, ఇతర రాష్ట్రాల వరుస ఏదో చూసుకోవాలి. చాలామంది ఇక్కడే పొరబడి వెబ్ ఆప్షన్లు తప్పుగా పెడతారు.

అసలు సరుకు ఉన్న ఫైలు

ఎన్‌ఐఆర్‌ఎఫ్‌కు దరఖాస్తు చేసే ప్రతి సంస్థ తానిచ్చిన వివరాలను పీడీఎఫ్ రూపంలో తన వెబ్‌సైట్‌లో పెట్టాలి. ర్యాంకు వచ్చిన సంస్థల ఫైళ్లు ఎన్‌ఐఆర్‌ఎఫ్ వెబ్‌సైట్‌లోనూ దొరుకుతాయి. ర్యాంకు రాని కాలేజీ అయినా దరఖాస్తు చేసి ఉంటే ఫైలు ఉంటుంది. కాలేజీ వెబ్‌సైట్ అడుగున ‘ఎన్‌ఐఆర్‌ఎఫ్’ అనే లింకు వెతకండి.

అందులో నాలుగేళ్ల కోర్సు పట్టిక ఒకటి ఉంటుంది. వరుసగా కనిపించే గళ్లు ఇవి: మొదటి సంవత్సరం సీట్లు ఎన్ని, చేరినవారు ఎందరు, లేటరల్ ఎంట్రీలో రెండో సంవత్సరంలో చేరినవారు ఎందరు, నాలుగేళ్లలో పూర్తిచేసినవారు ఎందరు, ఉద్యోగం వచ్చినవారు ఎందరు, వారి మీడియన్ జీతం ఎంత, పైచదువులకు వెళ్లినవారు ఎందరు. మూడు బ్యాచుల లెక్కలు ఒకదాని కింద ఒకటి ఉంటాయి.

ఒక ఊహా కాలేజీ లెక్క వేసి చూద్దాం. మొదటి ఏడాది చేరినవారు 612, ఈసెట్ (లేటరల్ ఎంట్రీ) ద్వారా వచ్చినవారు 55, మొత్తం 667 మంది. సమయానికి పాసైనవారు 480. ఉద్యోగాలు వచ్చినవారు 310. పైచదువులకు వెళ్లినవారు 40. మీడియన్ జీతం ఏడాదికి 4.2 లక్షలు.

రోడ్డు పక్క హోర్డింగు మీద ఇదే కాలేజీ ‘95 శాతం ప్లేస్‌మెంట్లు’ అని వేసుకోవచ్చు. అది అబద్ధం కూడా కానక్కర్లేదు. ప్లేస్‌మెంట్ సెల్‌లో అర్హులుగా పేరు నమోదైనవారు 326 మందే అయితే, అందులో 310 అంటే 95 శాతమే మరి. బ్యాక్‌లాగ్‌లున్నవారిని, మార్కులు చాలనివారిని ముందే పక్కన పెట్టేసిన లెక్క అది. మీ పిల్లవాడు చేరేటప్పుడు ఆ 326లో ఉంటాడో ఉండడో ఎవరికీ తెలియదు. కాబట్టి మీరు భాగించాల్సింది 667తో. అప్పుడు సమయానికి పట్టా పుచ్చుకున్నవారు 72 శాతం. ఉద్యోగం వచ్చినవారు 46 శాతం. పైచదువులు కలిపితే 52 శాతం. ఇక మీడియన్ అంటే ఉద్యోగం వచ్చినవారిలో సరిగ్గా మధ్యలో ఉన్నవాడి జీతం. అంటే ఆ 310లో సగం మందికి, సుమారు 155 మందికే 4.2 లక్షలకు పైన. చేరిన 667లో వాళ్లు 23 శాతం. ఒకరికి 40 లక్షల ప్యాకేజీ వచ్చినా సగటు పెరుగుతుంది కానీ మీడియన్ కదలదు. అందుకే ప్రకటనల్లో ‘అత్యధిక ప్యాకేజీ’ కనిపిస్తుంది, మీడియన్ కనిపించదు.

అదే ఫైలులో అధ్యాపకుల జాబితా కూడా ఉంటుంది. ప్రతి పేరుకు ఎదురుగా అర్హత, అనుభవం, చేరిన తేదీ, రెగ్యులరా కాదా అన్న వివరం ఉంటాయి. చేరిన తేదీల వరుసను ఒకసారి పైనుంచి కిందికి చదవండి. ఎక్కువమంది ఏళ్ల తరబడి ఉన్నారంటే అక్కడ విభాగాలు నిలదొక్కుకున్నాయని అర్థం. సగం మంది గత ఏడాదే చేరారంటే అంతకుముందున్నవారు ఎందుకు వెళ్లిపోయారో వాకబు చేయాలి. ఎన్‌ఐఆర్‌ఎఫ్ ఇంజినీరింగ్‌లో 15 మంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడు ఉంటే పూర్తి మార్కులు. మీరు చూస్తున్న కాలేజీలో ఆ నిష్పత్తి ఎంతో ఈ ఫైలు నుంచే మీరే లెక్కకట్టవచ్చు.

ఈ ఫైలుకు ఒక పరిమితి ఉంది. అన్ని బ్రాంచీలనూ కలిపేస్తుంది. సీఎస్‌ఈ జీతాలూ సివిల్ జీతాలూ ఒకే మీడియన్‌లో కలిసిపోతాయి. బ్రాంచి వారీ లెక్క కాలేజీ ప్లేస్‌మెంట్ సెల్‌ను అడగాలి. అడిగేటప్పుడు ‘ప్లేస్‌మెంట్లు ఎలా ఉన్నాయండీ?’ అంటే ‘బ్రహ్మాండం’ అనే వస్తుంది. ‘పోయినేడు బయటికెళ్లిన ఈసీఈ బ్యాచిలో మొదట చేరినవారు ఎందరు, అందులో ఆఫర్ వచ్చింది ఎందరికి, ఒకే విద్యార్థికి రెండు ఆఫర్లొస్తే రెండుగా లెక్కేశారా?’ అని అడగండి. తడుముకోకుండా జవాబు వచ్చిందా లేదా అన్నది కూడా ఒక సమాచారమే.

జాబితాలో లేని కాలేజీ సంగతి

వరంగల్, హనుమకొండ విద్యార్థుల్లో చాలామందికి నిట్ సీటు రాదు. ఈఏపీసెట్ ర్యాంకు చేతిలో పెట్టుకుని కిట్స్, వాగ్దేవి, ఎస్‌ఆర్ యూనివర్సిటీ, హైదరాబాద్ చుట్టుపక్కల కాలేజీల మధ్య తేల్చుకోవాల్సినవారే ఎక్కువ. ఎన్‌ఐఆర్‌ఎఫ్ ఇంజినీరింగ్‌లో విడి ర్యాంకులు మొదటి వందకే ఇస్తుంది. ఆ తర్వాత 101-150, 151-200, 201-300 అని బ్యాండ్‌లు ఉంటాయి. మిగతావాటికి అదీ ఉండదు.

అలాంటప్పుడు చూడాల్సినవి మూడున్నాయి. ఒకటి, మీరు చేరబోయే బ్రాంచికి ఎన్‌బీఏ గుర్తింపు ఉందా, ఏ ఏడాది వరకు ఉంది? నాక్ గ్రేడు మొత్తం కాలేజీకి ఇస్తారు, ఎన్‌బీఏ గుర్తింపు ఒక్కో కోర్సుకు విడిగా ఇస్తారు. ‘మా కాలేజీకి ఎన్‌బీఏ ఉంది’ అంటే మెకానికల్‌కు ఉండి, కొత్తగా పెట్టిన డేటా సైన్స్‌కు లేకపోవచ్చు. ఇంజినీరింగ్ పట్టాలను దేశాలు పరస్పరం గుర్తించే వాషింగ్టన్ ఒప్పందంలో 2014 నుంచి భారత్ పూర్తిస్థాయి సభ్య దేశం. విదేశాల్లో ఇంజినీరుగా నమోదు కావాలనుకునేవారికి ఎన్‌బీఏ గుర్తింపు అక్కరకు రావచ్చు. రెండు, కాలేజీ అటానమస్సా, పట్టా ఏ విశ్వవిద్యాలయం పేరు మీద వస్తుంది? మూడు, ఈసారి చేరబోయే బ్రాంచిలో సీట్లు గత రెండేళ్లలో ఎంత పెరిగాయి? సీట్లు రెట్టింపై అధ్యాపకులు పెరగకపోతే పాత ప్లేస్‌మెంట్ లెక్కలు మీకు వర్తించవు.

గ్రేడుల విషయంలో ఒక జాగ్రత్త. 2025 ఫిబ్రవరిలో నాక్ తనిఖీ బృందం సభ్యులనే లంచాల ఆరోపణలపై సీబీఐ అరెస్టు చేసింది. ఏ ముద్ర ఉన్నా దాన్ని మొదటి మెట్టుగానే తీసుకోండి, చివరి మాటగా కాదు.

ర్యాంకు నిజంగా పనికొచ్చే చోట్లు

ర్యాంకు వల్ల నేరుగా డబ్బు తేడా వచ్చే చోటు ఒకటుంది. కేంద్రం 2024 నవంబర్‌లో ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకం అది. దీని కింద హామీదారు, తాకట్టు లేకుండా విద్యారుణం దొరుకుతుంది. 7.5 లక్షల వరకు రుణానికి 75 శాతం గ్యారంటీ ప్రభుత్వానిది. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు ఉన్నవారిలో ఎంపికైనవారికి 10 లక్షల వరకు రుణంపై మారటోరియం కాలంలో 3 శాతం వడ్డీ రాయితీ ఉంటుంది. ఈ పథకానికి సంస్థలను ఎంచుకునేది ప్రధానంగా ఎన్‌ఐఆర్‌ఎఫ్‌తో. ఏదైనా విభాగంలో మొదటి వంద ర్యాంకుల్లో ఉన్నవి, 101 నుంచి 200 మధ్య ఉన్న రాష్ట్ర ప్రభుత్వ సంస్థలు, కేంద్ర ప్రభుత్వ సంస్థలన్నీ దీని కిందికి వస్తాయి. అంటే నిట్ వరంగల్ విద్యార్థికి ర్యాంకు 21 అయినా 28 అయినా పథకంలో తేడా లేదు. ఒక ప్రైవేటు సంస్థ మాత్రం 95 నుంచి 105కి జారితే కొత్తగా చేరేవారికి తేడా వస్తుంది. జాబితాను ఏటా మారుస్తారు కాబట్టి సీటు ఖరారు చేసుకునే ముందే ఈ ఏడాది జాబితాలో ఆ సంస్థ ఉందో లేదో పోర్టల్‌లో చూసుకోండి.

రెండో చోటు ఎంటెక్, పీహెచ్‌డీ. ఇక్కడ పరిశోధన పద్దు మార్కులు మీకు నేరుగా సంబంధించినవే. ప్రాజెక్టుల నిధులు, పీహెచ్‌డీ పూర్తిచేసినవారి సంఖ్య ఆ ఫైలులోనే ఉంటాయి. అయినా పీహెచ్‌డీకి సంస్థ కంటే గైడ్ ముఖ్యం. గైడ్ దగ్గర గత ఐదేళ్లలో ఎందరు పట్టా పొందారు, సగటున ఎన్నేళ్లు పట్టింది, ఇప్పుడెక్కడున్నారు అన్నవి వాకబు చేసి ఇంటర్వ్యూకు వెళ్లండి.

మూడో చోటు బోధన ఉద్యోగాలు. పీహెచ్‌డీ ఉన్న అధ్యాపకులకు మార్కులున్నాయి కాబట్టి పైకి ఎక్కాలనుకునే కాలేజీలు అలాంటివారి కోసం చూస్తున్నాయి. కాకతీయ విశ్వవిద్యాలయంలోనో మరోచోటో పీహెచ్‌డీ చేసి ప్రభుత్వ నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తున్నవారికి ఇదొక దారి. చేరేముందు ఏడాదికి ఎన్ని పత్రాలు రాయాలని షరతు పెడుతున్నారో అడగండి. పత్రాల సంఖ్య కోసం పరుగెత్తించే చోట నాసిరకం జర్నళ్ల వైపు నెట్టే ప్రమాదం ఉంది. ప్రచురించాక వెనక్కి తీసుకున్న పత్రాలకు మార్కులు కోసే పద్ధతి ఎన్‌ఐఆర్‌ఎఫ్‌లోకి 2025లో వచ్చింది. కాలేజీ పోగొట్టుకునేది కొన్ని మార్కులు. పత్రం మీద పేరున్న మీరు పోగొట్టుకునేది అంతకన్నా ఎక్కువ.

ఇప్పటికే చదువుతున్నవారికి, ఉద్యోగం వెతుకుతున్నవారికి

‘మా కాలేజీ ర్యాంకు పడింది, నా పట్టా విలువ తగ్గినట్టేనా?’ అన్న భయం చాలామందిది. పట్టా మీద ర్యాంకు ముద్రించరు. క్యాంపస్‌కు వచ్చే కంపెనీలు తాము వెళ్లాల్సిన కాలేజీల జాబితాను ప్రధానంగా తమ అనుభవంతోనే వేసుకుంటాయి. అక్కడి నుంచి తీసుకున్నవారు ఎంత కాలం ఉన్నారు, ఎలా పనిచేశారు, ఆఫర్ ఇచ్చినవారిలో ఎందరు చేరారు అన్నవే వారి లెక్కలు. సెప్టెంబర్‌లో ఏడు మెట్లు దిగిందని అక్టోబర్‌లో రావాల్సిన కంపెనీ ఆగిపోదు. ప్రభుత్వరంగ సంస్థల్లో గేట్ స్కోరు ద్వారా తీసుకునే ఉద్యోగాల్లో కాలేజీ ర్యాంకుకు చోటే లేదు. టీజీపీఎస్సీ పరీక్షల్లోనూ అంతే.

క్యాంపస్ బయట దరఖాస్తు చేసుకునేవారికి మాత్రం ఒక ఇబ్బంది నిజమే. వేలల్లో రెజ్యూమెలు వచ్చినప్పుడు కొందరు కాలేజీ పేరు చూసి వడపోస్తారు. దానికి విరుగుడు కాలేజీ పేరును సమర్థించుకోవడం కాదు. పేరు తర్వాతి వరుసలో కంటికి ఆనే పని ఒకటి ఉండాలి. ఇంటర్న్‌షిప్‌లో చేసిన భాగం, నలుగురు వాడుతున్న ప్రాజెక్టు, మంచి గేట్ స్కోరు, ఏదైనా సరే. అదే కాలేజీలో చదివి మూడు నాలుగేళ్ల కిందట ఉద్యోగంలో చేరిన సీనియర్ల రెఫరల్ కూడా ర్యాంకు కంటే బాగా పనిచేస్తుంది. ఊళ్లో పాత విద్యార్థుల సంఘం ఉంటే సభలకు వెళ్లి నలుగురిని పరిచయం చేసుకోండి.

ఇచ్చిన లెక్కలన్నీ నిజమేనా?

ఎన్‌ఐఆర్‌ఎఫ్‌కు వివరాలిచ్చేది కాలేజీలే. పరిశోధన పత్రాల లెక్కలను బయటి డేటాబేస్‌ల నుంచి తీసుకుంటారు. జీతాలు, ఉద్యోగాలు, అధ్యాపకుల వివరాలు మాత్రం సంస్థ చెప్పిందే ప్రధానం. ఈ బలహీనత మన ఒక్క దేశానిదే కాదు. అమెరికాలో యూఎస్ న్యూస్ ర్యాంకుల్లో రెండో స్థానంలో ఉన్న కొలంబియా విశ్వవిద్యాలయం ఇచ్చిన లెక్కలు తప్పని 2022లో అక్కడి గణిత ఆచార్యుడే మైఖేల్ థాడియస్ వివరంగా చూపించాడు. ఆ సెప్టెంబర్‌లో కొలంబియా 18వ స్థానానికి పడిపోయింది. మన దగ్గర 2020లో ఏడు పాత ఐఐటీలు టైమ్స్ హయ్యర్ ఎడ్యుకేషన్ ప్రపంచ ర్యాంకుల్లో పారదర్శకత లేదంటూ వాటి నుంచి తప్పుకున్నాయి.

థాడియస్ చేసినది పెద్ద పరిశోధనేమీ కాదు. విశ్వవిద్యాలయం ఒకచోట చెప్పిన అంకెను అదే విశ్వవిద్యాలయం మరోచోట చెప్పిన అంకెతో పోల్చాడు. మీరూ ఆ పని చేయవచ్చు. ఎన్‌ఐఆర్‌ఎఫ్ ఫైలులోని ప్లేస్‌మెంట్ సంఖ్యను కాలేజీ బ్రోచర్‌లోని సంఖ్యతో, అధ్యాపకుల జాబితాను విభాగం వెబ్‌పేజీలోని ఫొటోలతో, ఆ తర్వాత క్యాంపస్‌కు వెళ్లినప్పుడు గదుల ముందున్న పేర్లతో పోల్చండి. రెండు అంకెలు కలవని చోట ప్రశ్న పుడుతుంది.

ఎప్పుడు ఏం చేయాలి?

ఒక ముఖ్యమైన విషయం చాలామంది గమనించరు. జోసా, ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లు జూన్, జులై నెలల్లో జోరుగా నడుస్తాయి. 2025 ర్యాంకులు సెప్టెంబర్‌లో, 2024 ర్యాంకులు ఆగస్టు 12న వచ్చాయి. అంటే ఆప్షన్లు పెట్టే రోజున మీ చేతిలో ఉండేది కిందటేడు ర్యాంకు. దాని లెక్కలు అంతకు ముందు ఏడాది బయటికి వెళ్లిన బ్యాచివి. మీరు బయటికొచ్చేది మరో నాలుగేళ్లకు. కాబట్టి కొత్త ర్యాంకు రాలేదని ఆగనక్కర్లేదు, వచ్చాక చూసి వగచనక్కర్లేదు.

ఇంటర్ రెండో ఏడాది చదువుతున్నవారు డిసెంబర్‌లోపు ఎనిమిది పది కాలేజీల పేర్లు రాసుకుని వాటి ఎన్‌ఐఆర్‌ఎఫ్ ఫైళ్లు దించుకోండి. సంక్రాంతి సెలవుల్లో పైన చెప్పిన నాలుగు లెక్కలు ఒక కాగితం మీద వేయండి: సమయానికి పాసైనవారి శాతం, చేరినవారిలో ఉద్యోగం వచ్చినవారి శాతం, మీడియన్ జీతం, ఒక్కో అధ్యాపకుడికి ఎందరు విద్యార్థులు. పరీక్షలయ్యాక ఏప్రిల్, మే నెలల్లో వీలైన కాలేజీలకు వెళ్లి మూడో ఏడాది విద్యార్థులతో మాట్లాడండి. మొదటి ఏడాది వారికి ఇంకా తెలియదు, నాలుగో ఏడాది వారి ధ్యాస వేరే చోట ఉంటుంది. జూన్‌లో గత మూడేళ్ల క్లోజింగ్ ర్యాంకులు ముందు పెట్టుకుని మీ సొంత జాబితా వేసుకోండి. ఫీజు, దూరం, హాస్టల్ ఖర్చు, రీయింబర్స్‌మెంట్ వచ్చేదీ రానిదీ ఆ కాగితం మీదే మరో గడిలో రాయండి. రెండు కాలేజీలు అన్ని గళ్లలోనూ సమానంగా తూగితే అప్పుడు ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకు చూసి ఒకటి తేల్చుకోండి.